బ్రిటన్ తిండికి పడిన చెడ్డపేరు: ఎంత నిజం, ఎంత పాతది?

గోదారిగట్టు

వచ్చే జూన్‌లో అమ్మానాన్నలను వెంటబెట్టుకుని లీడ్సులో ఉంటున్న మా అన్నయ్య దగ్గరికి వెళుతున్నాను. ప్రయాణం సంగతి విన్న ప్రతివారూ ముందుగా చెప్పే మాట ఒక్కటే: ఆవకాయ, కందిపొడి మరిచిపోవద్దు, అక్కడ నోటికి రుచించేది ఏదీ దొరకదు. ఈ మాట చెప్పేవారిలో చాలామంది ఆ దేశం చూసినవారు కారు.

అయితే ఆ అపకీర్తి మనవాళ్లు అంటగట్టినది కూడా కాదు. 2005 జూలైలో అప్పటి ఫ్రాన్సు అధ్యక్షుడు జాక్ షిరాక్, రష్యా, జర్మనీ నాయకులతో బ్రిటిషువారి గురించి మాట్లాడుతూ, ఇంత చెడ్డ వంట చేసుకునేవారిని నమ్మలేమని, ఫిన్లాండు తరువాత అంత హీనమైన తిండి వారిదేనని అన్నట్టు ఫ్రెంచి పత్రికలో రావడంతో పెద్ద దుమారం రేగింది. ఆ వారంలోనే 2012 ఒలింపిక్స్ ఆతిథ్యం కోసం జరిగిన పోటీలో లండన్ చేతిలో పారిస్ ఓడిపోయింది గాని, అది వేరే సంగతి.

అక్కడ ఉంటున్నవారిని, కొంతకాలం ఉండి వచ్చినవారిని అడగదలచుకున్నది ఇది. ఈ పేరు నేటి వంటకు తగినదేనా, లేక ఎప్పటిదో ఒక తరం చూసినదాన్ని తరువాతివారు చూడకుండానే చెప్పుకుంటూ వస్తున్నారా? రెస్టారెంట్లలో పెట్టే డబ్బుకు తగిన భోజనం దొరుకుతుందా? మనవాళ్ల బిర్యానీ హోటళ్ల గురించి కాక, ఆ దేశపు వంట గురించే చెప్పవలసిందిగా కోరుతున్నాను.

చరిత్రప్రియ

మంచి ప్రశ్న. చెడ్డపేరుకు ఒక కాలం ఉంది, దాన్ని తేదీలతో సహా చూపవచ్చు. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో రేషను 1940 జనవరి 8న వెన్న, పంచదార, బేకన్‌లతో మొదలై, 1954 జూలై 4న మాంసంపై ఆంక్షలు ఎత్తివేసేదాకా కొనసాగింది. అంటే యుద్ధం ముగిసిన తరువాత కూడా తొమ్మిదేళ్లు నడిచింది. యుద్ధకాలంలో రేషను లేని రొట్టెకు కూడా 1946 నుంచి 1948 దాకా రేషను పెట్టారు. లార్డ్ వూల్టన్ ఆహార మంత్రిగా ఉన్నప్పుడు ఆయన పేరు మీదే, మాంసం లేకుండా బంగాళాదుంప, క్యారెట్, కాలీఫ్లవర్ వంటి కూరగాయలను పిండిపొర కింద ఉంచి కాల్చే 'వూల్టన్ పై' అనే వంటకం ప్రచారంలోకి వచ్చింది. పాలు వృథా కాకూడదని, ఎక్కువ రోజులు నిలవ ఉండాలని, దేశంలో తయారయ్యే చీజ్‌ను దాదాపు అంతా ఒకే రకం చెడ్డర్ వంటి గట్టి ముద్దగా మార్చివేశారు. ఊరూరా పేరున్న చీజ్‌లను చేసే పల్లె కుటుంబాలు ఎన్నో ఆ దెబ్బకు పని మానుకున్నాయి.

ఇక్కడొక మాట గుర్తుంచుకోవాలి. ఆ రేషను వల్ల పేదలకు అంతకుముందు లేని పోషకాహారం అందింది, ప్రజల ఆరోగ్యం మెరుగుపడిందని చరిత్రకారులు సాధారణంగా అంగీకరిస్తారు. నష్టపోయినది రుచి, వంట నేర్పు. 1935లో పుట్టిన పిల్ల పెళ్లీడుకు వచ్చేదాకా చాలినంత వెన్న, గుడ్లు, మంచి మాంసం వాడి వండే అవకాశం ఇంట్లో చూడలేదు. ఆ తరమే అరవైలలో, డెబ్భైలలో ఇళ్లలోను, బడులలోను, హోటళ్లలోను వంట చేసింది. మన దేశం నుంచి డాక్టర్లు, విద్యార్థులు పెద్ద సంఖ్యలో వెళ్లినది కూడా ఆ కాలంలోనే. వారు తిన్నది అదే, ఇంటికి రాసిన ఉత్తరాలలో తిట్టుకున్నదీ దానినే. 1950లో ఎలిజబెత్ డేవిడ్ మధ్యధరా ప్రాంతపు వంటల గురించి పుస్తకం ప్రచురించే నాటికి, చాలా ఊళ్లలో ఆలివ్ నూనె చెవిలో వేసుకునే మందుగా మందుల దుకాణంలోనే దొరికేది.

అంతకుముందు పరిస్థితి వేరు. 1747లో హన్నా గ్లాస్ అచ్చువేసిన వంటల పుస్తకంలో జాజికాయ, జాపత్రి, మిరియాలు ధారాళంగా కనిపిస్తాయి, భారతీయుల పద్ధతిలో కూర చేసే విధానం కూడా ఉంది. మసాలా అంటే ఎరుగని జాతి అన్న మాట నిలవదు.

నెల్లూరు చేపలపులుసు

చరిత్రప్రియ గారి వివరణ చదవడానికి బాగుంది గాని, నాకు ఒప్పుదల కాలేదు. యుద్ధం ఒక్క బ్రిటన్‌కే వచ్చిందా? ఫ్రాన్సును జర్మన్లు ఆక్రమించి ఉన్న తిండి ఎత్తుకుపోయారు, అక్కడ కూడా 1949 దాకా రేషను నడిచింది. ఇటలీలో ఆకలి తెలియని ఊరు లేదు. వారి వంట చచ్చిపోలేదే? రేషను పోయి డెబ్భై ఏళ్లు దాటింది. ఇంకా దాని మీదే నెపం వేయడం, తాతగారి అప్పు చూపించి మనవడు బాకీ ఎగవేసినట్టుగా ఉంది.

నేను అక్కడ ఒక ఆసుపత్రిలో పనిచేశాను. మధ్యాహ్నం పూట ఎంత చదువుకున్నవారైనా ప్లాస్టిక్ డబ్బాలోని చల్లని శాండ్‌విచ్, ఒక చిప్స్ పొట్లం, ఒక సీసా పానీయం కొనుక్కుని కంప్యూటరు ముందే కూర్చుని పది నిమిషాలలో ముగించేవారు. క్యాంటీనులో క్యారెట్, బ్రకోలీ రంగు పోయేదాకా ఉడికించి, ఉప్పు కూడా వేయకుండా పెట్టేవారు. తిండి మీద శ్రద్ధ లేకపోవడమే అసలు కారణమని నా అభిప్రాయం.

చరిత్రప్రియ

ఫ్రాన్సు, ఇటలీలతో పోలిక సరైనదే, దానికి సమాధానం యుద్ధానికి నూరేళ్ల ముందు ఉంది. 1851 జనాభా లెక్కల నాటికే ఇంగ్లండు, వేల్స్‌లలో సగానికి పైగా జనం పట్టణాలలో ఉన్నారు. ఫ్రాన్సు ఆ స్థితికి చేరినది 1930 ప్రాంతంలో. ఉమ్మడి భూములకు కంచెలు పడి, పల్లె వదిలి మాంచెస్టర్ మిల్లులకు చేరిన కుటుంబానికి కూరమడి లేదు, ఆవు లేదు, చాలా ఇళ్లలో సరైన పొయ్యి కూడా లేదు, తల్లికి వండే తీరిక అసలే లేదు. రొట్టె, తియ్యటి టీ, బేకన్ ముక్క, ఆ తరువాత డబ్బా సరుకు వారి భోజనమయ్యాయి. 1846లో దిగుమతి ధాన్యంపై సుంకాలు వేసే ధాన్యం చట్టాలు రద్దయ్యాక గోధుమ బయటి నుంచి చవకగా రావడం మొదలైంది, 1882లో న్యూజిలాండు నుంచి గడ్డకట్టించిన మాంసంతో మొదటి ఓడ వచ్చింది. తిండి ఎక్కడో పండి ఓడ దిగే సరుకుగా మారిన దేశంలో, ఫలానా ఊరి నేల, ఫలానా ఊరి వంట అనే పట్టు ముందే సడలిపోయి ఉంది. దాని మీద రేషను పడింది. ఇటలీ రైతుకు యుద్ధం తరువాత తిరిగి పట్టుకోవడానికి పెరడు మిగిలింది, లాంకషైరు మిల్లు కార్మికుడికి అది ఎప్పుడో పోయింది.

పాకశాస్త్రి

లండన్‌లో వంటశాలలలో పనిచేసినవాడిగా రెస్టారెంట్ల గురించి రాస్తాను.

1945 డిసెంబరులోనే జార్జ్ ఆర్వెల్ ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రికలో ఇంగ్లీషు వంటను సమర్థిస్తూ ఒక వ్యాసం రాశారు. పొగబెట్టిన కిప్పరు చేపలు, కాల్చిన మాంసంతో పెట్టే పొంగిన పిండి వంటకమైన యార్క్‌షైర్ పుడ్డింగు, స్టిల్టన్ చీజ్ వంటివెన్నో ఏకరువు పెట్టి, చివరికి ఈ మంచి వంట ఇళ్లలోనే తప్ప రెస్టారెంట్లలో దొరకడం లేదని ఒప్పుకున్నారు. పర్యాటకుడు ఇంటి భోజనం చూడడు కనుక చెడ్డపేరు హోటలు వంట మీదే స్థిరపడింది. ఈ ఫిర్యాదు బయటివారిది మాత్రమే అనుకోవద్దు. 1951లో రేమండ్ పోస్ట్‌గేట్ మొదలుపెట్టిన గుడ్ ఫుడ్ గైడ్, దేశంలోని చెడ్డ హోటళ్లతో విసిగిన మామూలు పాఠకులు పంపిన సమాచారంతో తయారైనదే.

మార్పు మొదట ఫ్రెంచి వంట రూపంలో వచ్చింది. ఫ్రెంచి వంటవారైన రూ సోదరులు 1967లో లండన్‌లో తెరిచిన లె గావ్‌రోష్, 1982లో ఫ్రెంచి మిషెలిన్ గైడు ఇచ్చే అత్యున్నత గుర్తింపైన మూడు నక్షత్రాలు పొందిన మొదటి బ్రిటన్ రెస్టారెంటు అయింది. ఇప్పుడు పేరున్న ఎందరో వంటవారు అక్కడ చేయి తిప్పడం నేర్చుకున్నవారే. 2024 జనవరిలో అది మూతపడింది. కాని నా దృష్టిలో అసలు మలుపు అది కాదు. 1991లో ఫారింగ్డన్ రోడ్డులో ఈగిల్ అనే పబ్బును తీసుకున్న ఇద్దరు, బల్లమీద గుడ్డలు, వంగి నమస్కరించే సర్వర్లు లేకుండా, పబ్బులోనే ఆ రోజు వండినదాన్ని పలక మీద రాసి అమ్మడం మొదలుపెట్టారు. 1994లో ఫెర్గస్ హెండర్సన్, ట్రెవర్ గలివర్ స్మిత్‌ఫీల్డ్ మాంసపు బజారు పక్కన సెంట్ జాన్ తెరిచారు. కాల్చిన మూలుగ ఎముకలు, పక్కన పార్స్‌లీ ఆకు, ఒక రొట్టె ముక్క, కాస్త ఉప్పు, అంతే. జంతువును కోశాక తల నుంచి తోక దాకా ఏదీ పారవేయరాదన్నది ఆయన పద్ధతి. తలకాయ, కాళ్లు, బోటీ వదలని మన ఊళ్లవారికి అందులో వింత కనిపించదు గాని, తమ వంటను ఫ్రెంచి వేషం లేకుండా వడ్డించడానికి సిగ్గుపడనక్కరలేదని ఇంగ్లీషువారికి మొదటిసారి గట్టిగా చెప్పినది ఆ చోటే. అక్కడ నుంచి బయలుదేరిన వంటవారు దేశమంతా ఉన్నారు. షిరాక్ ఆ మాట అన్న 2005లోనే, బ్రే గ్రామంలోని ఫ్యాట్ డక్, ప్రపంచంలోని ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది.

ఇంత చెప్పిన తరువాత, గోదారిగట్టు గారు అడిగిన డబ్బు సంగతికి వస్తే నా జవాబు చేదుగా ఉంటుంది. పై మెట్టులో బ్రిటన్ ఎవరికీ తీసిపోదు, ఇంట్లో శ్రద్ధగా వండుకునేవారి భోజనమూ మంచిదే. దెబ్బతిన్నది మధ్య మెట్టు, అంటే ఒక మామూలు కుటుంబం శనివారం సాయంత్రం వెళ్లే చోటు. ఫ్రాన్సులోనో, ఇటలీలోనో చిన్న ఊళ్లో కళ్లు మూసుకుని ఏదో ఒక హోటలులోకి దూరినా తినదగిన భోజనం దొరికే అవకాశం ఎక్కువ, బ్రిటన్‌లో అలా దూరితే మోసపోయే అవకాశమే ఎక్కువ. కారణాలు కంటికి కనిపిస్తున్నవే. అద్దెలు ఎక్కువ, దుకాణపు పన్ను ఎక్కువ, దుకాణంలో కొనే పచారీ సరుకులలో చాలావాటికి వ్యాట్ లేకపోగా హోటలు భోజనానికి 20 శాతం ఉంది. ఆ ఖర్చులు తట్టుకోవడానికి గొలుసు హోటళ్లు ఎక్కడో ఫ్యాక్టరీలో వండి సంచులలో మూసిన కూరను తెప్పించి, వేడిచేసి పళ్లెంలో పోస్తాయి. మెనూ చాంతాడంత ఉండి, అందులో పిజ్జా, కూర, బర్గరు, థాయ్ నూడుల్స్ అన్నీ కనిపిస్తే లోపల వంటవాడు లేడని అర్థం. పది వంటకాలకు మించకుండా, తేదీ వేసిన కాగితం మీద ఉంటే నిశ్చింతగా కూర్చోవచ్చు.

లండన్‌లో బిల్లుకు 12.5 శాతం సేవా రుసుము కలిపే అలవాటు ఉంది. అది ఐచ్ఛికమని రాసి ఉంటే, నచ్చనప్పుడు తీసివేయమని మర్యాదగా అడగవచ్చు. 2024 అక్టోబరు నుంచి ఆ సొమ్ము యజమాని మినహాయించుకోకుండా సిబ్బందికి చేరాలని చట్టం వచ్చింది.

మాంచెస్టర్ మామయ్య

బ్రిటన్ వంట అన్నప్పుడు కర్రీ హౌస్‌లను వదిలేస్తే లెక్క తప్పుతుంది. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మొహమ్మద్ 1810లోనే లండన్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచి, రెండేళ్లకే దివాలా తీశారు. 1926లో రీజెంట్ స్ట్రీటులో ఎడ్వర్డ్ పామర్ ప్రారంభించిన వీరాస్వామి ఆ నగరంలో ఎన్నో దశాబ్దాలు నిలిచిన పేరు. పామర్ల వంశానికి మన ప్రాంతంతో పాత సంబంధం ఉంది. నిజాం ప్రభుత్వానికి అప్పులిచ్చి పేరూ అపకీర్తీ రెండూ మూటగట్టుకున్న పామర్ అండ్ కంపెనీ హైదరాబాదులో వారు నడిపినదే.

అయితే వీధివీధినా ఉన్న కర్రీ హౌస్‌ల కథ వేరు. వాటిలో ఎక్కువ భాగం బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చిన కుటుంబాలవి. మనవాళ్లు అక్కడికి వెళ్లి మద్రాసు కూర అడిగి, వచ్చినదాన్ని చూసి ఇది మద్రాసులో ఎక్కడిదని నవ్వుతారు. ఆ నవ్వు తప్పు చోట పడుతోంది. అక్కడ కుర్మా, మద్రాసు, విందాలూ అన్నవి కారపు మెట్లు. పొద్దున్నే పెద్ద గిన్నెలో ఉల్లిపాయలు కొద్దిపాటి మసాలాతో మెత్తగా ఉడికించి ఒకే గ్రేవీ సిద్ధం చేసుకుంటారు, మాంసం విడిగా ఉడికించి ఉంచుతారు, ఆర్డరు రాగానే పెనం మీద నూనె, పొడులు, ఆ గ్రేవీ కలిపి కొద్ది నిమిషాలలో దించుతారు. పబ్బు నుంచి రాత్రి ఆకలితో వచ్చే గిరాకీకి, చిన్న వంటగదికి సరిపోయేలా ఆ దేశంలోనే పుట్టిన పద్ధతి అది. 2001లో విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాను నిజమైన బ్రిటిష్ జాతీయ వంటకమని ప్రసంగించినప్పుడు ఎగతాళి చేసినవారున్నారు గాని, ఆ మాటలో పస ఉంది. భారతీయ వంటగా తూస్తే తేలిపోతుంది, ఇంగ్లీషు వంటగా తూస్తే నిలబడుతుంది.

లెస్టర్ లలిత

శాకాహారుల కోసం నాలుగు మాటలు చెప్పాలనుంది, ఎందుకంటే మన పెద్దవారికి భయం ఎక్కువగా అక్కడే ఉంటుంది.

1888లో లండన్ చేరిన గాంధీగారు చప్పిడి కూరలతో ఆకలికి మాడి, ఊరంతా తిరిగి తిరిగి ఫారింగ్డన్ స్ట్రీటులో ఒక శాకాహార భోజనశాల కనిపెట్టి, ఆ దేశంలో అడుగుపెట్టాక మొదటిసారి కడుపునిండా తిన్నానని ఆత్మకథలో రాసుకున్నారు. ఆ భోజనశాల భారతీయుల కోసం పెట్టినది కాదు, ఇంగ్లీషు శాకాహారులదే. అక్కడి వెజిటేరియన్ సొసైటీ 1847లో స్థాపించినది. ఈ రోజు చిన్న పల్లెలోని పబ్బు మెనూలో కూడా శాకాహార గుర్తు ఉంటుంది, అడిగితే విసుగు లేకుండా సమాధానం చెబుతారు. ఈ ఒక్క విషయంలో ఫ్రాన్సు కంటే బ్రిటన్ ఎంతో మేలని రెండు చోట్లా తిరిగిన నా గట్టి అభిప్రాయం.

జాగ్రత్త పడవలసినవి కనిపించని కొవ్వులు. ఆవిరి మీద ఉడికించే పాతకాలపు పుడ్డింగులలో సూయెట్ అనే కొవ్వు వేస్తారు, అది సాధారణంగా పశువు మూత్రపిండాల చుట్టూ ఉండేది. కొన్ని చీజ్‌లలో పాలను గడ్డకట్టించడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ ఉంటుంది, డబ్బా మీద శాకాహార గుర్తు చూసి కొనాలి. అలర్జీ కలిగించే పద్నాలుగు పదార్థాల సమాచారం ఇవ్వడం చట్టరీత్యా తప్పనిసరి, కాని జంతువుల కొవ్వు ఆ జాబితాలో లేదు కనుక నోరు తెరిచి అడగడమే మార్గం.

నెల్లూరు చేపలపులుసు

పాకశాస్త్రి గారు మధ్య మెట్టు దెబ్బతిన్నదన్నారు, నేను చెప్పినదీ అదే, కాకపోతే అద్దెలను, పన్నులను కాక తినేవారిని తప్పుపడుతున్నాను. నాకు తెలిసిన చేపల సంగతే తీసుకోండి. చుట్టూ చల్లని సముద్రం ఉన్న ద్వీపం అది. స్కాట్లాండు ఒడ్డున పెద్ద రొయ్యల వంటి లాంగుస్టీన్లు, డెవన్‌లో పీతలు, కార్న్‌వాల్‌లో కవళ్ల వంటి సార్డీన్లు, మాకెరెల్ పుష్కలంగా దొరుకుతాయి. ఆ సరుకులో పెద్ద భాగం లారీలెక్కి ఫ్రాన్సుకు, స్పెయిన్‌కు పోతుంది. ఇంట్లో తినేది కాడ్, హాడక్, సాల్మన్, ట్యూనా, రొయ్య, ఈ అయిదే. ఆ కాడ్, హాడక్‌లలో చాలా వరకు ఐస్‌లాండు, నార్వే వైపు నుంచి దిగుమతి అయినవి. ముల్లు కనిపిస్తే పళ్లెం పక్కకు నెట్టే జనానికి హోటలువాడు మంచి చేప ఎందుకు తెస్తాడు? గిరాకీ గట్టిగా అడిగితే తప్ప వంట బాగుపడదు.

పాకశాస్త్రి

చేపల విషయంలో మీతో వాదించను. కాని గిరాకీ అడిగిన చోట ఏమి జరిగిందో చీజ్ చూపిస్తుంది. చరిత్రప్రియ గారు చెప్పిన యుద్ధకాలపు చావుదెబ్బ తరువాత, 1979లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో నీల్స్ యార్డ్ డెయిరీ అనే చిన్న దుకాణం మొదలైంది. దాన్ని నడిపిన ర్యాండల్ఫ్ హాడ్జ్‌సన్ మిగిలిన పల్లె తయారీదారులను వెతుక్కుంటూ వెళ్లి, ఎవరి చీజ్ వారి పేరుతోనే అమ్మారు. కొనేవారికి తేడా తెలిసింది, చేసేవారికి ధర దక్కింది. ఈ రోజు గుడ్డ చుట్టి నెలల తరబడి మాగబెట్టిన సోమర్సెట్ చెడ్డర్, డార్బీషైరు, లెస్టర్‌షైరు, నాటింగ్‌హామ్‌షైరు జిల్లాలలో మాత్రమే చేయదగిన స్టిల్టన్, ఏ ఫ్రెంచి బల్ల మీద పెట్టినా తల దించుకోనవసరం లేదు. తమాషా ఏమిటంటే స్టిల్టన్ అనే ఊరు ఆ మూడు జిల్లాలలోనూ లేదు కనుక, ఆ ఊళ్లో చేసినదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు.

గోదారిగట్టు

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. లలిత గారి మాట చదివాక ఒక సందేహం కలిగింది. అమ్మ పూర్తి శాకాహారి, నాన్నగారు చేపా కోడీ తింటారు గాని గొడ్డు మాంసం ముట్టరు. లీడ్సు పరిసరాలలో ఫిష్ అండ్ చిప్స్ వారికి పనికివస్తుందా? జూన్‌లో వెళితే ఆ ప్రాంతంలో తప్పక తినవలసినవి ఏవి?

మాంచెస్టర్ మామయ్య

అడగడం మంచిదైంది, ఎందుకంటే అడుగుతున్నది సరిగ్గా లీడ్సు ఉన్న యార్క్‌షైరు గురించి. దక్షిణాన చాలా దుకాణాలు కూరగాయల నూనెలో వేయిస్తాయి గాని, యార్క్‌షైరులో గొడ్డు కొవ్వులో వేయించడమే సంప్రదాయం, దాన్ని డ్రిప్పింగ్ అంటారు, చాలామంది దాన్ని గొప్పగా బోర్డు మీదే రాసుకుంటారు. చేపతోపాటు బంగాళాదుంప ముక్కలు కూడా అందులోనే వేగుతాయి కనుక నాన్నగారికి ఆ చేప, అమ్మగారికి ఉత్త చిప్స్ కూడా పనికిరావు. నూనెలో వేయించే దుకాణాలు లీడ్సులోను ఉన్నాయి, లోపలికి వెళ్లగానే వేయించేది దేనిలో అని అడగండి, వింతగా చూడరు. ఆదివారపు రోస్టుతో, అంటే ఓవెన్‌లో కాల్చిన మాంసంతో వచ్చే యార్క్‌షైర్ పుడ్డింగుకు కూడా ఇదే ప్రశ్న వేయాలి, దాని మీద పోసే గ్రేవీకి మరీ ముఖ్యంగా.

వేక్‌ఫీల్డ్, మోర్లీ, రాత్‌వెల్ మధ్య చీకటి కొట్టాలలో పెంచి, కొవ్వొత్తి వెలుగులో కోసే లేత గులాబీ రంగు రూబార్బ్ అనే పుల్లని కాడలు ఆ ప్రాంతపు గర్వకారణం గాని, దాని కాలం శీతాకాలం చివర. జూన్‌లో దానికి బదులు ఇంగ్లండు నేలలో పండిన స్ట్రాబెర్రీలు, జెర్సీ దీవి చిన్న బంగాళాదుంపలు, నెల మూడు వారాలు గడిచేలోగా వెళితే ఆస్పరాగస్ దొరుకుతాయి. ఆ దుంపలను ఉడికించి వెన్న, ఉప్పు వేసి అమ్మగారికి పెట్టండి, ఆవకాయ అడగకపోవచ్చు. ఒకరోజు వీలు చేసుకుని హాస్ ఊరికి వెళ్లి వెన్స్‌లీడేల్ చీజ్ చూడండి, రెన్నెట్ సంగతి అక్కడే అడగవచ్చు. ఆదివారం మధ్యాహ్నం పబ్బులో రోస్టు తినాలనుకుంటే నాన్నగారికి కోడి, అమ్మగారికి గింజపప్పులతో చేసే నట్ రోస్టు ఉంటుందో లేదో ముందే ఫోను చేసి, పన్నెండింటికో ఒంటిగంటకో బల్ల చెప్పుకోండి. మూడు దాటాక వెళితే మిగిలేవి ఆరిపోయిన ముక్కలు, నెల్లూరు వారు తిట్టిన ఆ ఉడికిపోయిన క్యారెట్లే.